బావగారి కారు బాగుచేయించాలా?

ఊరికే వచ్చిన వస్తువును వద్దనడానికి మనస్సు ఒప్పదు. అందులోను అది కారయితే ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. మా ఇంట్లో అదే జరిగింది.

సికింద్రాబాదులో ఉండే మా పెద్ద బావగారు 2025 జూన్ నెలలో ఒక సాయంత్రం ఫోను చేసి, "తమ్ముడూ, నా బండి నువ్వు తీస్కపో. అత్తమ్మను మోటరుసైకిలు మీద ఎక్కించుకొని తిరుగుడు నాకు మంచిగ అనిపిస్తలేదు" అన్నారు. ఆయన మాటలో న్యాయమున్నది. మా అమ్మకు షుగరు, మోకాళ్ళ నొప్పులు. నెలకు రెండుసార్లు దోమకొండ నుండి కామారెడ్డి ఆసుపత్రికి తీసుకొని పోవాలి. మోటరుసైకిలు ఎక్కి కూర్చోవడం ఆమెకు చేతకాదు. ఆటో మాట్లాడితే రానుపోను, అక్కడ ఆగిన సమయంతో కలిపి 800 రూపాయలు అడుగుతారు.

ఆ కారు 2008 మే నెలలో కొన్న తెల్లని మారుతి 800. మా అక్క జబ్బుతో ఉన్న రోజుల్లో బావగారు ఆమెను ఆసుపత్రులకు తిప్పింది దానిలోనే. 2019లో అక్క ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయిన తరువాత ఆయన మళ్ళీ ఆ కారు తీయలేదు. ఇంటి ముందు చింతచెట్టు కింద ఆరేండ్లు అట్లాగే నిలిచిపోయింది.

తోలుకొని వచ్చే స్థితిలో లేదు గనుక డీసీఎం మాట్లాడి ఎక్కించాము. మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట, భిక్కనూరు మీదుగా అది మా వాకిట్లోకి వచ్చేసరికి 6,500 రూపాయలు అయినవి. ఉచితపు కారుకు మొదటి ఖర్చు అది. పిల్లలు చుట్టూ మూగి అద్దాల మీది దుమ్ములో పేర్లు రాశారు. మా అమ్మ మెల్లగా వచ్చి, తలుపు తీయించి, డ్రైవరు పక్క సీటు మీద చెయ్యి పెట్టి, "నా బిడ్డ కూసున్న సీటిది" అన్నది. ఇక ఆ కారు బాగుకాక తప్పదని నేను ఆ క్షణమే నిర్ణయించుకున్నాను. లెక్క ఇంకా వేయలేదు.

మొదట వచ్చిన మెకానిక్ వేరే బ్యాటరీ తగిలించి నేరుగా స్టార్టు కొట్టాడు. నాలుగైదు దగ్గులు దగ్గి, నల్లటి పొగ వదలి ఇంజను పలికింది. మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. "ఇంజను బంగారం సార్. ఇరవై వేలు పెట్టుర్రి, రోడ్డెక్కుతది" అన్నాడు మెకానిక్. నేను జేబులో చెయ్యి పెట్టాను. అడ్వాన్సు ఇచ్చేవాడినే. మా ఇంటావిడ లోపలి నుండి పిలిచి, "పోయిన ఆదివారం లూకా 14వ అధ్యాయంలో గోపురం కట్టే మనిషి సంగతి చెప్పింది మీరే గదా. కాగితం మీద లెక్క రాసిండ్రా?" అని అడిగింది. ప్రసంగం చేసేవాని ఇంట్లో ఇదొక ఇబ్బంది.

తరువాత తెలిసింది, అలా నేరుగా స్టార్టు కొట్టడమే తప్పని. ఏండ్ల తరబడి తిరగని ఇంజనులో నూనె అంతా కిందికి దిగిపోయి సిలిండర్ల గోడలు ఎండిపోయి ఉంటాయి. ముందు మూడు స్పార్కు ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క దానిలో కొద్దిగా ఇంజన్ ఆయిల్ పోసి, ఒక రాత్రి ఉంచి, మరునాడు కింది పుల్లీని పానాతో చేతితో తిప్పి చూడాలి. సాఫీగా తిరిగితే పాత నూనె తీసివేసి కొత్తది పోసి, అప్పుడు స్టార్టు చేయాలి. ఆయిల్ పోసే మూతకు లోపలివైపు మజ్జిగ తేటవంటి తెల్లని జిగురు కనబడితే నూనెలో నీళ్ళు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. హెడ్ గాస్కెట్ పోయినా అట్లాగే ఉంటుంది. మా కారుకు ఆ జబ్బు లేదు.

కామారెడ్డిలో ముప్పయి ఏండ్లుగా ఈ పని చేస్తున్న పెద్ద మెకానిక్‌ను ఒకరు చెప్పగా పిలిపించాము. ఆయన బానెట్ తెరవనే లేదు. డ్రైవరు సీటు ముందు మ్యాటు ఎత్తాడు, కింది జనపగుడ్డ చించాడు, జేబులోని స్క్రూడ్రైవరుతో నేలరేకును తట్టుతూ పోయాడు. కొంతదూరం టంగ్ టంగ్‌మని మ్రోగింది. తరువాత శబ్దం మారింది. ఇంకొంచెం నొక్కగానే స్క్రూడ్రైవరు పిడి వరకు దిగిపోయింది. పైకి తీస్తే ఆ రంధ్రంలో నుండి మా వాకిలి మట్టి కనబడింది.

ఆయన వెనుక చక్రాల దగ్గర కూడ కారును జాకీతో లేపి చూపించాడు. జాకీ పెట్టిన చోటే రేకు లోపలికి నలిగింది. తలుపుల కింది పట్టీ బయటికి తెల్లగా మెరుస్తున్నది గాని, లోపల పుట్టీ తప్ప ఇనుము తక్కువ. "సార్, జీపుకైతే కింద ఛాసిస్ వేరే ఉంటది. పైన డొక్కు కుళ్ళినా మార్చుకోవచ్చు. దీనికి డొక్కే ఛాసిస్" అన్నాడు.

ఈ ఒక్క మాట కొరకే నేను ఈ వ్యాసం రాస్తున్నాను. చదువరులలో కొందరి ఇళ్ళ ముందు కూడ అన్ననో మామనో ఇచ్చిన పాత కారు గుడ్డ కప్పుకొని నిలిచి ఉండవచ్చు. అందరం మొదట అడిగేది ఇంజను స్టార్టయిందా అని. నిజానికి అది చివర అడగవలసిన ప్రశ్న. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 రోడ్డు మీదికి వచ్చింది, 2014 జనవరిలో దాని తయారీ నిలిపివేశారు. కాని మా కారులోని 796 సీసీ ఇంజను జాతిదే 2023 వరకు ఆల్టో 800లో కూడ వచ్చింది గనుక ఇంజను సామాను ఈనాటికీ చిన్న పట్టణాల దుకాణాలలో దొరుకుతుంది. ఇంజను పాడయితే విప్పవచ్చు, వేరేది దించవచ్చు. డొక్కు సంగతి అట్లా కాదు. చిన్న కార్లలో దాదాపు అన్నిటికీ నేలరేకు, పక్క పట్టీలు, చక్రాలను పట్టుకొనే మూలలు ఒకే పెట్టెగా అతికి ఉంటాయి. కోడిగుడ్డు పెంకువలె ఆ పెట్టె బిగువంతా దాని ఆకారంలోనే ఉంది. గుద్దుకున్నప్పుడు మనిషిని కాపాడేది అదే. సీటు బెల్టు బిగించేది కూడ దానికే. అది కుళ్ళితే మిగిలినవన్నీ కొత్తవయినా ప్రయోజనం లేదు.

తుప్పు పైకి కనబడదు. చెట్టు కింద రాలిన ఆకులు బానెట్ వెనుక జాలీలో నిండి నీటి దారి మూసుకుపోతే, ప్రతి వానకు నీరు లోపలికి కారి మ్యాటు కింద నిలుస్తుంది. ఆ గుడ్డ ఎండాకాలం దాకా తడిగానే ఉంటుంది. మా కారుకు జరిగింది అదే. చింతచెట్టు నీడ చల్లనిదే గాని రేకుకు మంచిది కాదు.

పెద్ద మెకానిక్ నోటితో చెప్పగా నేను కాగితం మీద రాసుకున్నాను. నేలరేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయడం, పట్టీలు, పెయింటు 35,000. ఆరేండ్లుగా తేమ పీల్చుకున్న బ్రేకు ఆయిల్ వల్ల వెనుక చక్రాల బ్రేకులు పట్టుకుపోయాయి, వాటన్నిటికి 9,000. టైర్లు నాలుగు 10,500. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురుగా మారి పంపును పట్టేసింది. ట్యాంకు కడగడం, పంపు, రబ్బరు పైపులు 7,000. ఈ రబ్బరు పైపుల సంగతి ముఖ్యమైనది. 2025 నాటికి బంకులలో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు దేశమంతటా వచ్చేసింది. అది తేమను లాగుతుంది, పాత బండ్ల రబ్బరు భాగాలకు పడదు. బెల్టులు, ఆయిల్, కూలెంటు 6,000. ఎలుకలు కొరికిన వైరింగుకు 4,000. బ్యాటరీ 3,800. మొత్తం 75,300.

ఇక కాగితాలు. సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేండ్లు. మా కారుది 2023 మే నెలతో తీరిపోయింది. 2022 ఏప్రిల్ 1 నుండి పదిహేనేండ్లు దాటిన కారు ఆర్సీ తిరిగి చేయించడానికి రుసుము 5,000. గడువు దాటిన ప్రతి నెలకు 500 అదనం. నేను సెప్టెంబరులో లెక్క చూచేసరికి ఇరవై ఎనిమిది నెలలయినవి, అంటే 14,000. రెండూ కలిపి 19,000. తిరిగి చేయించినది మరి ఐదేండ్లకే చెల్లుతుంది. ఇరవై ఏండ్లు దాటిన కారుకైతే 2025 ఆగస్టు ఉత్తర్వుతో రుసుము 10,000 అయింది. ఇది గాక గ్రీన్ ట్యాక్సు, తనిఖీ, పొల్యూషన్ సర్టిఫికెట్. వెయ్యి సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 2022 జూన్‌లో నిర్ణయించిన ధర 2,094, పన్ను వేరే. పేరు మార్పిడి కూడ చేయించాలి. చుట్టాల బండే గదా అని చాలామంది ఆర్సీని ఏండ్ల తరబడి పాత పేరు మీదనే ఉంచుతారు. ప్రమాదం జరిగిననాడు కోర్టు మెట్లు ఎక్కవలసింది ఆ ఇచ్చిన పెద్దమనిషే.

అంతా కలిపితే లక్ష దగ్గరికి వచ్చింది. మా అమ్మాయి నర్సింగు చదువు కొరకు దాచిన 60,000 తప్ప మా దగ్గర వేరే డబ్బు లేదు. ఆ రాత్రి మా ఇంటావిడ అదే కాగితం వెనుక ఇంకొక లెక్క వేసింది. ఆటోకు నెలకు రెండుసార్లు 800 చొప్పున, ఏడాదికి 19,200. లక్ష రూపాయలతో ఐదేండ్లు ఆటోలో పోవచ్చు. తిరిగి చేయించే ఆర్సీ కూడ సరిగ్గా ఐదేండ్లే. ఆటోకు పెట్రోలు మనం పోయనక్కరలేదు, పంక్చరయితే మనం దిగి నెట్టనక్కరలేదు.

అయితే పాత కారంటేనే దండుగ అని చెప్పడం నా ఉద్దేశం కాదు. మా సంఘంలో ఒక ఉపాధ్యాయుని కారు కరోనా కాలంలో రెండేండ్లు కదలలేదు. కాని రేకుల షెడ్డులో ఉంది. నేలరేకు గట్టిగా ఉంది, ఆర్సీకి ఇంకా ఐదేండ్ల గడువుంది. పెట్రోలు దింపి, బ్యాటరీ, బ్రేకులు, టైర్లు చూచుకొంటే 22,000తో అయిపోయింది. ఇప్పటికీ దానిలోనే బడికి పోతున్నాడు. వయస్సులో మా కారుకు దానికి నాలుగేండ్లే తేడా.

మా పొరుగాయన మాత్రం ఒప్పుకోలేదు. "మన గడికోట ఎంత పాడుబడి ఉండె! బాగుచేస్తే 2022ల యునెస్కో అవార్డు రాలేదా? కోట బాగయింది, కారు కాదా?" అన్నాడు. నిజమే, యునెస్కోవారి ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాలలో దోమకొండ కోటకు ఆ ఏడు అవార్డ్ ఆఫ్ మెరిట్ వచ్చింది. దాని వెనుక ఏండ్ల తరబడి శ్రమ ఉంది, పెట్టగలిగిన చేతులు ఉన్నాయి. పైగా కోటలో ఎవరినీ కూర్చోబెట్టి 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య నడపనక్కరలేదు.

అమ్మకు చెప్పడమే కష్టమనుకున్నాను. ఆమె స్క్రూడ్రైవరు దిగిన రంధ్రాన్ని వంగి చూచి, "బిడ్డ సీట్ల లేదు గదరా. నాకు ఆటోనే నయం, కాళ్ళు చాపుకుంట" అన్నది. అంతే.

బావగారికి చెప్పక తప్పదు. ఆర్సీ ఆయన పేరు మీద ఉన్నది గనుక తుక్కుకు ఇవ్వాలన్నా ఆయన సంతకమే కావాలి. మూడు ఆదివారాలు ఆయన ఫోను చేసి "బండి స్టార్టయిందా?" అని అడిగితే "అయింది బావా" అని దాటవేశాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. నాలుగవ వారం ఉన్నదున్నట్లు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకు తెల్వదా తమ్ముడూ. ఆరేండ్లు వానల నిలబెట్టింది నేనే గద. అమ్ముదామని ఇద్దరిని పిలిచిన. వాళ్ళు మీ అక్క దిక్కు తలుపు తీయంగనే, వద్దని పంపిన. నీకిస్తే ఏం జెయ్యాల్నో నువ్వే జేస్తవనుకున్న" అన్నారు.

వీధిలో తిరిగే పాత ఇనుము వ్యాపారి 14,000 ఇస్తానన్నాడు. మేము ఇవ్వలేదు. అటువంటివారు రేకు కోసి అమ్ముకున్నా ఆర్సీ మాత్రం బ్రతికే ఉంటుంది. ఆ నంబరు ఇంకొక బండికి తగిలితే పోలీసు నోటీసు సికింద్రాబాదులోని బావగారికి వస్తుంది. ప్రభుత్వం గుర్తించిన తుక్కు కేంద్రంలో ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు, దానితో రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవచ్చు. సుమారు ఆరున్నర క్వింటాళ్ళ కారుకు డబ్బు కొంచెం తక్కువే వచ్చినా బావగారు సంతకం చేసి పంపారు. ఆ వచ్చినది డీసీఎం కిరాయికి పోను మిగిలితే అమ్మ ఆటోకు పక్కన పెట్టమన్నారు.

చివరిగా ఒకటి అడిగారు. "డిక్కీల స్టెప్నీ ఉన్నది. ఒక్కనాడు సుత వాడలే, కొత్తదే. దాన్ని పారెయ్యకు, ఎవరికన్నా అక్కరకస్తది." మేము తీసి చూచాము. నిజంగానే దాని మీద మట్టి కూడ అంటలేదు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. దీని మీద 1208 అని ఉంది. 2008వ సంవత్సరం పన్నెండవ వారం. రబ్బరు నెర్రెలు విచ్చింది. ఆ సంగతి మాత్రం బావగారికి ఇంకా చెప్పలేదు.