గ్రద్దను జూచి ఱెక్కలు గీసిన చిత్రకారుఁడు

మిట్టమధ్యాహ్నమున డాబామీఁద వడియములు పెట్టి కాకులఁ దోలుచుఁ గూర్చున్న స్త్రీలకు గ్రద్ద చిరపరిచితము. అది ఱెక్క లాడింపకయే ఆకాశమున గుండ్రముగాఁ దిరుగుచుండును. దాని నీడ ముంగిటఁ బడఁగానే కోడి తన పిల్లలను ఱెక్కలక్రిందికిఁ బిలుచుకొనును. మనమును చేతికఱ్ఱ ఝళిపింతుము. అంతియే కాని, ఱెక్క కదల్పని పక్షి క్రిందఁ బడకుండుట యెట్లని మనలో నెంద ఱడిగియుందురు? సుమారు 500 సంవత్సరములకుఁ బూర్వము ఇటలీ దేశమున నొక చిత్రకారుఁ డీ ప్రశ్నను బహుకాలము విడువక యడిగెను. అతఁడే లియొనార్డో డా విన్సి.

మోనాలిసా చిత్రమును వ్రాసినవాఁ డితఁడే. 1452వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీని విన్సి గ్రామప్రాంతమున జన్మించెను. తండ్రి దస్తావేజులు వ్రాయు గృహస్థుఁడు; తల్లి కాటెరీనాను అతఁడు వివాహమాడలేదు. లియొనార్డో పాఠశాలలో లాటిను భాషను గ్రమముగా నేర్చినవాఁడు కాఁడు. పండితులు తన్ను జదువు రానివానిఁగా నెంచెదరని తానే వ్రాసికొనెను. కన్నులే యతనికి గురువులు. ఊయెలలో నున్నప్పుడు గ్రద్ద యొకటి వచ్చి తోఁకతో తన నోరు తెఱపించినట్లు తనకు జ్ఞప్తి యని యతఁడు వ్రాసియున్నాఁడు. గ్రద్దనుగూర్చి వ్రాయుట తన నొసటి వ్రాఁత యని యతని నమ్మకము.

ఎగురవలయునను కోరిక మానవునకుఁ గ్రొత్తది కాదు. మన రామాయణమునఁ బుష్పకము కలదు. తమ్ముని గాపాడఁబోయి సూర్యతాపమున ఱెక్కలు కాల్చుకొన్న సంపాతి కలఁడు. కాని కథలోని విమానము కోరికచేఁ గదలును. యంత్రము కొలతచేతనే కదలవలయును. ఈ కొలతనే లియొనార్డో వెదకెను.

1482 ప్రాంతమున నతఁడు మిలాను నగరము చేరి యచటి ప్రభువు కొలువులోఁ బ్రవేశించెను. 1487 మొదలు 1490 వఱకుఁ గల కాలమున నొక పుస్తకమున నెగురు యంత్రములను గీసెను. ఆ పుస్తక మిప్పుడు పారిసులో భద్రముగ నున్నది. ఒక చిత్రమున మనుష్యుఁడు పలకపై బోరగిలఁ బండుకొని కాళ్లతోఁ దొక్కుచు ఱెక్కల నాడించును. మఱియొకదాన నిలువఁబడి నాలుగు ఱెక్కలఁ గదల్చును. దాని ఱెక్కల వెడల్పు 20 మీటర్లకు మించినది. వీనికిఁ గావలసిన సామగ్రి తేలికకఱ్ఱ, పట్టుత్రాళ్లు, తోలు, బట్ట.

వేఱొక చిత్రమున మరచుట్టువంటి ఱెక్క యున్నది. దానిని వేగముగఁ ద్రిప్పిన గాలిని దొలుచుకొని పైకిఁ బోవునని యతని యూహ. దాని బట్టలోని సందులను గంజితోఁ బూడ్పవలయునని వ్రాసెను. గంజి పెట్టిన చీర గాలికి బిగిసి నిలుచుట యెఱిఁగిన మన కీ కిటుకు సులభముగ బోధపడును. ఇంతకు ముందే, బట్టతో నలుపలకల గుడారమును సుమారు 7 మీటర్ల వెడల్పున, అంతయే యెత్తునఁ జేసికొన్నచో నెంత యెత్తునుండి దుమికినను హాని కలుగదని యొక కాగితముపైఁ జిత్రించియుండెను.

ఇతని యూహలకంటె నితని జాగ్రత్త మాకు మిక్కిలి నచ్చినది. యంత్రమును సరస్సుపైనఁ బరీక్షింపుమనియు, పడినచో మునుఁగకుండ గాలి నింపిన తోలుతిత్తిని నడుమునకుఁ గట్టుకొమ్మనియు వ్రాసికొనెను. ఱెక్క బలము నెఱుఁగుటకు దానిని 200 పౌనుల పలకకు బిగించి చటుక్కున నాడించి చూడుమనెను. పలక లేవనిచో నిఁక దానిపైఁ గాలము వ్యర్థము చేయవలదని తనకుఁ దానే చెప్పుకొనెను.

ఆ యంత్రములలో నేదియు నెగిరినట్లు నమ్మఁదగిన యాధారము లేదు. కారణము స్పష్టమే. పావురమువంటి పక్షికి దేహభారములో సుమా రయిదవవంతు ఱొమ్ముకండరములే. మనుష్యుఁడు తన బరువును, కఱ్ఱ బరువును గూడ మోయుచు ఱెక్క లాడింపవలయును. లియొనార్డో పిదప నాడు ఱెక్కను విడిచి గాలిలోఁ దేలు ఱెక్కవంకఁ దన దృష్టి మరల్చెను. 1505 ప్రాంతమునఁ బక్షుల యెగురుటనుగూర్చి వ్రాసిన చిన్నపుస్తకము నేఁడు టూరిను నగరమునఁ గలదు. గాలివాలున కొఱఁగుచు దేహము తూఁకము తప్పకుండఁ బక్షి యెట్లు సరిచేసికొనునో యందు వివరించెను.

ఇంత చేసియు నతఁ డొక్క పొరపాటు చేసెను. ఈ వ్రాఁతలను ముద్రింపలేదు. ఎడమచేతితోఁ గుడినుండి యెడమకు, అద్దములోఁ జూచినఁగాని చదువరాని లిపిలో వ్రాసి యుంచెను. 1519లో నతఁడు మరణించినపిమ్మట శిష్యుఁడు మెల్జీ వానిని బ్రాణముతో సమముగఁ గాపాడెను. మెల్జీ వారసు లటకమీఁదఁ బడవైచిరి, కాగితములు దేశదేశములపాలయ్యెను. పక్షుల పుస్తకము 1893లోఁ గాని యచ్చుపడలేదు. అప్పటికే జర్మనీలో లిలియెంథాలు తాను జేసికొన్న ఱెక్కలతోఁ గొండలమీఁదినుండి తేలి దిగుచుండెను. 1903లో రైటు సోదరు లమెరికాలో యంత్రబలముతో నెగిరిరి.

అయినను నతని గీఁతలు వృథపోలేదు. 2000వ సంవత్సరము జూన్ 26వ తేదీని ఆడ్రియన్ నికొలస్ దక్షిణాఫ్రికాలో బుడగనుండి యా గుడారముతోనే దుమికి మెల్లగా దిగెను. దాని బరువు తనపైఁ బడునని చివరకు దానిని విడిచి నేఁటి పారాషూటుతో నేల చేరెను. 2010లో కెనడాలో 32 మీటర్ల ఱెక్కల యంత్రము నొకటిఁ జేసిరి. మొదట కారుతో లాగి గాలిలోనికిఁ జేర్చినపిమ్మట టాడ్ రీషర్ట్ తన కాళ్లబలముతో ఱెక్క లాడించి 19.3 సెకను లెగిరెను.

సోదరీమణులారా! మన యిండ్లలోను బెద్దమ్మలు నాయనమ్మలు కన్నులారఁ జూచి నేర్చిన యెఱుక యెంతయో కలదు. ఏ మందాకు దేనికిఁ బనికివచ్చునో, ఏ విత్తన మెట్లు నిలువయుండునో వారికిఁ దెలియును. అడిగి వ్రాసికొననిచో నది వారితోడనే పోవును. వ్రాసియు నెవ్వరికిఁ జూపనిచో నటక పాలగును. ఈ సాయంకాలము మీ బిడ్డ గ్రద్దను జూపి యేమైన నడిగినచో విసుగుకొనక వినుఁడు. మీకుఁ దెలిసినది చెప్పుఁడు, తెలియనిది కలిసి వెదకుఁడు. తుద కొక పుస్తకమున వ్రాసి పదుగురకుఁ జూపుఁడు.