నాయిన వల, అమ్మ గంప

నాయిన పోయిన ఏడాదికి మా ఊరి మత్స్య సహకార సంఘం నుంచి ఫోన్ వచ్చింది. ఆయన సభ్యత్వాన్ని నా పేరు మీదికి మార్చుకొమ్మని, అందుకు కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ నకలు, రెండు ఫోటోలు పంపితే చాలునని సంఘం పెద్దమనిషి చెప్పారు. ‘నువ్వు చెరువు కాడికి రాకున్నా ఏం గాదు తమ్మీ, పుస్తకంల పేరుంటె చాలు’ అన్నారు. ఆయన మాటలో అభిమానమే తప్ప మరొకటి లేదు. కానీ ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధిస్తాను. వల పట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఇవాళ నన్ను విసురు వల వేయమంటే అది గుండ్రంగా విచ్చుకోదు, తడిగుడ్డ మూటలా నీళ్లలో పడుతుంది. అయినా సంఘం పుస్తకంలో నేను మత్స్యకారుణ్ని కాగలను. దాదాపు నలభై ఏళ్లు చేపల గంప మోసిన మా అమ్మ కాలేకపోయింది.

మాది నడిగడ్డ. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల ప్రాంతానికి జనం పెట్టుకున్న పేరది. బెస్తల ఇల్లు. జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగినా, నా బాల్యంలో ఇంకా దాని వెనుక నీరు నిలవలేదు. ఎండాకాలంలో కృష్ణ బండరాళ్ల మధ్య పాయలుగా, మడుగులుగా విడిపోయేది. బడికి సెలవులిచ్చిన మర్నాటి నుంచే నాయిన నన్ను తెల్లవారుజామున లేపేవాడు. భుజాన వల, చేతిలో తెడ్డు, నా నెత్తిన సద్దిమూట. చీకట్లోనే పుట్టిలో కూర్చునేవాళ్లం. గుండ్రని పుట్టికి ముందూ వెనుకా ఉండవు. తెడ్డు తెలియనివాడు దాన్ని నడపబోతే ఉన్నచోటనే తిరుగుతూ ఉంటుంది. మొదటి వేసవి అంతా నేను తిప్పుతూనే ఉన్నాను. నాయిన ఒక్కసారి కూడా కసరలేదు. ‘తిరగనీ బిడ్డా, నీళ్లు నిన్ను గుర్తువడుతున్నయి’ అనేవాడు.

గుర్రంగడ్డ వైపు పోయినప్పుడు ఆయన నాకు నీళ్లను చదవడం నేర్పాడు. ఎక్కడ బుడగలు లేస్తే జెల్ల ఉంటుందో, ఏ రాయి నీడన వాలుగ దాక్కుంటుందో, కొర్రమీను పిల్లలను కాచుకునేటప్పుడు నీటి మీద ఎర్రగా కదిలే ఆ గుంపును చూసి ఎందుకు పక్కకు తప్పుకోవాలో చెప్పేవాడు. తొలి వరద వచ్చిన వారం రోజులు మా ఇంట్లో వల దండెం దిగేది కాదు. ‘ఎదురెక్కే చేప కడుపుతోటి ఉంటది. దాన్ని పడితే ఒక్క చేపను పట్టినట్టు గాదు, వచ్చే ఏటి కూటిని పట్టినట్టు’ అనేవాడు. సంతానోత్పత్తి కాలంలో వేట నిషేధమని మత్స్యశాఖ కాగితం మీద రాసే నియమాన్ని అక్షరం రాని మనిషి కడుపు కట్టుకొని పాటించాడు. పట్టణాల్లో పెరిగిన నా సహాధ్యాపకులు తండ్రితో చేపలు పట్టిన రోజులను సరదా జ్ఞాపకంగా చెప్పుకుంటారు. నాకూ అవి తీపి జ్ఞాపకాలే. అయితే నాయిన నాతో సరదాకు పోలేదు, పనికి పోయాడు. ఆ పనిలోనే నాతో ఆడాడు.

ఇక్కడిదాకా రాసి ఆపితే ఇది అందమైన జ్ఞాపకం. దాని అంచున నిలబడ్డ మనుషులను కూడా చూస్తేనే నిజం పూర్తవుతుంది.

పొద్దెక్కి మేం ఒడ్డుకు చేరేసరికి అమ్మ గంపతో ఎదురుచూస్తూ ఉండేది. చేపలను ఏరేది, కడిగేది, తడి గోనెపట్టా కప్పేది. అదే పుట్టిలో అవతలి ఒడ్డుకు దాటి ఆత్మకూరు సంతకు పోయేది. సరుకు ఎక్కువుంటే బస్సులో వనపర్తి. బస్సులో వాసనని ముక్కు మూసుకునేవాళ్లు, గంపను పైకెక్కించమనేవాళ్లు, సీటులో కూర్చోనివ్వనివాళ్లు. బేరమాడేటప్పుడు మాత్రం ఆ వాసన ఎవరికీ అడ్డు కాలేదు. మృగశిర కార్తె నాడు ఊరూరా చేపలు కావాలి కనుక ఆ ఒక్కరోజు ఆమెను ‘అక్కా’ అని పిలిచేవారు. నాయిన పట్టిన చేప అమ్మ చేతి మీదుగానే అన్నమయ్యేది, నా పుస్తకమయ్యేది. అమ్మ పోకుంటే నాయిన వేట సాయంత్రానికి కుళ్లిపోయేది. అయినా ‘మీ నాయినేం చేస్తడు’ అని బళ్లో అడిగితే ‘చేపలు పడతడు’ అనేవాణ్ని. ‘మీ అమ్మ’ అంటే ‘ఇంట్లనే ఉంటది’ అని చెప్పేవాణ్ని. ఆ అబద్ధం నాకెవరూ నేర్పలేదు. చుట్టూ ఉన్న గాలిలోనే ఉంది.

ఆ పుట్టి కథ కూడా ఒక్క మా కులానిది కాదు. వెదురు బుట్ట అల్లింది మేదరులు. తాతల కాలంలో దానికి పశువు తోలు తొడిగేవారని నాయిన చెప్పేవాడు. ఆ తోలును పదును చేసింది మాదిగలు. తర్వాత గోనెపట్టాలు, తారు వచ్చాయి, తోలు పోయింది, తోలుతోపాటు మాదిగ కుటుంబం వాటా కూడా పోయింది. వృత్తి ఒక కులం సొంతమని మనం రాసుకునే చరిత్రలో ఇట్లాంటి చేతులెన్నో జారిపోతాయి.

ఆ వాటా ఎట్లా పోయిందో నేను కళ్లారా చూశాను. నాకు పదకొండేళ్లప్పుడు మా ఊరి చెరువు కట్ట మీద నా తరగతివాడే ఒకడు గాలం వేసి కూర్చున్నాడు. మాదిగవాడ పిల్లవాడు. వాళ్ల తాత ఆ చెరువుకు కూలికి మట్టి మోసిన మనిషి. మా సంఘంవాళ్లు ఇద్దరు వచ్చి గాలం కర్ర విరిచేశారు, దొంగ అన్నారు, కులం పేరు పెట్టి తిట్టారు. వాడి దగ్గరున్నది అరచేతిలో పట్టేంత పరక. నాయిన అక్కడే ఉన్నాడు. నోరు విప్పలేదు. నది దగ్గర అంత ఉదారంగా ఉండే మనిషి చెరువు దగ్గర అట్లా మౌనంగా ఎందుకున్నాడో నాకు అర్థం కాలేదు. ఇంటికి పోయేటప్పుడు అడిగితే ‘సంఘం మాట బిడ్డా’ అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా ముఖం చూడలేదు. బస్సులో అమ్మను నిలబెట్టిన సమాజం మీద నాకున్న కోపం ఎంత న్యాయమైనదో, ఆ కట్ట మీద మేం చేసింది అంత అన్యాయం. కులం నిచ్చెనలో కింది మెట్టు మీద ఉన్నవాడికీ తన కింద మరొక మెట్టు కనిపిస్తుంది.

చెరువును సహకార సంఘానికి లీజుకివ్వడం, పెద్ద జలాశయాల్లో వేటకు లైసెన్సులివ్వడం మన రాష్ట్రంలో ఉన్న పద్ధతి. 1964 నాటి సహకార చట్టం కింద నమోదైన మత్స్య సంఘాలు మా తరానికి నిజంగానే ఆసరా అయ్యాయి. అవి లేకుంటే చెరువులన్నీ వేలంపాటలో ఊరి పెత్తందార్ల చేతికి పోయేవి. ఈ రక్షణను నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ రక్షణ ఎవరికి అన్న ప్రశ్న దగ్గరే తగువు మొదలవుతుంది. గంగపుత్రులు బిసి-ఎలో, ముదిరాజులు బిసి-డిలో ఉన్నారు. ముదిరాజులు ‘ఎ’లోకి మార్చమంటున్నారు, సంఘాల్లో తమ వాటా అడుగుతున్నారు. తమ కులవృత్తిలోకి మరొకరు వస్తున్నారని గంగపుత్రులు అంటున్నారు. పాలమూరు ఊళ్లలో ఈ రెండు కులాలూ ఒకే చెరువు మీద బతికాయి. ఇద్దరి వాదనల్లోనూ ఆకలి ఉంది, కనుక ఎవరినీ ఎగతాళి చేయలేం. ఇరువురూ అడగని ప్రశ్న ఒకటి మాత్రం మిగిలిపోతోంది. ఏ కులంవాడికి హక్కు అని వాదిస్తున్నామే గాని, ఆ నీళ్ల మీద నిజంగా పని చేస్తున్నది ఎవరని ఎప్పుడైనా లెక్క తీశామా?

ఆ లెక్క తీయాలంటే నదివెంట కిందికి, కొల్లాపూర్ దాకా పోవాలి. మా మేనమామ ఊరు అటువైపు కృష్ణ ఒడ్డున ఉండేది. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఇరువైపులా మునిగిన సుమారు వంద ఊళ్లలో అదీ ఒకటి. ఆలయాలను రాయి రాయీ విప్పి ఒడ్డుకు తరలించారు. మనుషులను మాత్రం అంత శ్రద్ధగా తరలించలేదు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో వచ్చిన 98వ నంబరు జీవో కోసం ఎదురుచూస్తూ ఒక తరం ముసలిదైపోయింది. పొలం పోయిన మామ ఆ పొలం మీద నిలిచిన నీళ్లలోనే వల వేసి బతికాడు. ఒక సెలవుల్లో నాయిన నన్ను అక్కడికి తీసుకుపోయాడు. పుట్టి నడుమకు పోయాక మామ తెడ్డు ఆపి ‘ఇది మా పెద్దచేను’ అన్నాడు. ముగ్గురం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇవాళ సోమశిల చుట్టుపక్కల ఆ నీళ్ల మీద అలివి వలలు రాజ్యమేలుతున్నాయి. దోమతెర వంటి సన్న కన్నుల వల. వేలెడంత పిల్లను కూడా వదలదు. అది నిషిద్ధం. అయినా బయటి పెట్టుబడి, స్థానిక పలుకుబడి కలిసిన చోట నిషేధం కాగితం మీదే నిలుస్తుంది. ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా చేపపిల్లలను నీళ్లలో వదులుతుంటే, అలివి వల వాటిని ఎండుచేపల బస్తాల్లోకి ఎత్తుతోంది. ఆ వలలు లాగేది పెట్టుబడిదారు కాదు. బతుకుదెరువుకు కోస్తా నుంచి వచ్చిన పేద మత్స్యకారులు, నల్లమల చెంచులు. అప్పు పేరుతో కట్టిపడేసిన చెంచులను వెట్టి నుంచి విడిపించిన ఉదంతం ఈ కొల్లాపూర్ ప్రాంతంలోనే వెలుగు చూసింది. వెట్టిచాకిరిని చట్టం నిషేధించింది 1976లో. పుస్తకంలో పేరున్న నేను నీళ్లకు దూరంగా నగరంలో ఉన్నాను. రోజంతా నీళ్లలో నానుతున్న చెంచు పేరు ఏ పుస్తకంలోనూ లేదు. కులం హక్కుకు ప్రమాణమైన చోట శ్రమకు విలువ లేకుండా పోవడమంటే ఇదే.

వనపర్తి దారిలో కొత్తకోట దగ్గర సరళాసాగర్ ఉంది. నీటి ఒత్తిడికి తనంతట తానే తెరుచుకునే సైఫన్ల జలాశయం, 1959లో పూర్తయింది. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వర్‌రావు దానికి తన తల్లి పేరు పెట్టుకున్నారు. 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగినప్పుడు చేపలన్నీ కొట్టుకుపోయాయని అమ్మ ఫోన్‌లో బాధపడింది. తల్లి పేరు నీళ్లకు పెట్టడం మంచి పనే. రాజు తల్లికి ఒక జలాశయం దక్కింది. ఆ జలాశయాల చేపలు మోసిన తల్లులకు రిజిస్టరులో ఒక గీత కూడా దక్కలేదన్నదే నా ఫిర్యాదు.

కొత్త సభ్యులకు నైపుణ్య పరీక్ష పెడతారు. వల వేయడం వచ్చా, ఈత వచ్చా అని చూస్తారు. తండ్రి స్థానంలో వచ్చే నన్ను మా ఊళ్లో ఎవరూ పరీక్షించబోరు. చేపను చెడకుండా సంతకు చేర్చడం, ఎండబెట్టడం, ధర నిలబెట్టడం ఆ పరీక్ష లెక్కలో నైపుణ్యాలు కావు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సభ్యదేశాలు 2014లో ఆమోదించిన చిన్నతరహా మత్స్యరంగ మార్గదర్శకాలు వేటకు ముందూ వెనుకా జరిగే పనులన్నిటినీ మత్స్యరంగంగానే గుర్తించాయి, అందులో స్త్రీల సమానత్వాన్ని కోరాయి. మన దగ్గరా కొన్నిచోట్ల మహిళా మత్స్య సంఘాలు ఏర్పడ్డాయి. కానీ ఊరి చెరువు మీద లీజు పట్టుకున్న ప్రధాన సంఘంలో స్త్రీలు సాధారణ సభ్యులు కానంతకాలం వాళ్లకు దక్కేది గంప, తక్కెడే. చెరువు కాదు.

దీనికొక అభ్యంతరం వస్తుందని తెలుసు. కులం గీత చెరిపితే డబ్బున్నవాడు దూరతాడని మా వాళ్లే అంటారు. ఆ భయం నిరాధారమైనది కాదు. అందుకే గీత చెరపమని అనడం లేదు, సరిగ్గా గీయమంటున్నాను. మత్స్యకార కులాల సామూహిక హక్కు ఉండాలి. ఆ హక్కు లోపల పని చేసేవాళ్లకే సభ్యత్వం ఉండాలి. నాలా ఊరొదిలి జీతం తీసుకునేవాడి పేరు తీసేయాలి. అమ్మే స్త్రీకి, వితంతువుకు సొంత పేరుతో చోటివ్వాలి. ఆ నీళ్ల మీదే బతికే చెంచుకు, కూలికి వల లాగే దళితుడికి, ముంపులో నేల పోయిన కుటుంబానికి వాటా రాయాలి. డబ్బున్నవాడు దూరేది కులం గీత లేని చోట కాదు. పని చేయనివాడి పేరు పుస్తకంలో ఉండి, ఆ పేరును అద్దెకిచ్చే చోట.

నాకు పదమూడేళ్లు నిండిన వేసవిలో నాయిన నన్ను లేపకుండా ఒక్కడే పోయాడు. సాయంత్రం అలిగి కూర్చుంటే ‘నీళ్లు నిన్ను గుర్తువట్టినయి, ఇంక చాలు. ఇప్పుడు పుస్తకం గుర్తువట్టాలె’ అన్నాడు. ఆ వాక్యం మీదే నేను ఇంతదూరం వచ్చాను.

సంఘానికి నేను పంపిన కాగితంలో నా ఫోటో లేదు. నాయిన సభ్యత్వం అమ్మ పేరు మీదికి మార్చమని రాశాను. ఆమె వయసు డెబ్బైకి దగ్గరైందని, ఇప్పటికీ శనివారం సంతకు పోతుందని కూడా రాశాను. ఇట్లాంటిది ఇంతకుముందు ఎప్పుడూ చేయలేదని, పెద్దలను అడిగి చెబుతామని జవాబు వచ్చింది. ఎనిమిది నెలలైంది. నేను మళ్లీ రాస్తాను. సంఘాల్లో ఉన్న నా తమ్ముళ్లు, చెల్లెళ్లు తమ ఊరి రిజిస్టరు ఒక్కసారి తెరిచి చూడాలని మాత్రం కోరుతున్నాను. అందులో ఎవరి పేర్లున్నాయో, తెల్లవారుజామున చెరువు దగ్గర ఎవరుంటున్నారో పక్కపక్కన పెట్టి చదవండి.