మేం పండించిన బెండకాయ మా బిడ్డే తినలేదు!

ఆదివారం పొద్దున నారాయణగూడలో మా కూరగాయలు అమ్ముతుంటాను. అక్కడికొచ్చే తల్లులు ధర కన్నా ఎక్కువగా అడిగేది ఒక్కటే: "కూరలు మంచిగనే ఉన్నయి అన్నా, మా పిల్లలే తింటలేరు. ఏం చెయ్యాలె?"

నేనేం చెప్పను? మా ఇంట్లోనూ అదే గోస. జీవామృతం పోసి పెంచిన బెండకాయను మా ఆరేళ్ల పాప పళ్ళెం అంచుకు నెట్టేసేది. ఫోన్ పెడితేనే నోరు తెరిచేది. ఏం తింటోందో దానికే తెలిసేది కాదు. ఒకరోజు కోపంతో నోట్లో కుక్కితే కక్కేసింది. ఆ రాత్రి నాకూ ముద్ద దిగలేదు.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. బెండకాయ వేపుడు వీడియోలో చూపించాను. ఇక్కడ మిగతా సంగతి చెప్తా.

1. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల పని. ఎంత తినాలన్నది బిడ్డ ఇష్టం. అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన సూత్రమిది. బతిమాలడం, బెదిరించడం రెండూ మానేశాం.

2. రెండుసార్లు వద్దన్నారని కూర మానేయొద్దు. కొత్త రుచి అలవాటవ్వడానికి ఎనిమిది, పదిసార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఒక్క ముక్క వడ్డించి ఊరుకోండి. విత్తనం పెట్టి రోజూ తవ్వి చూడం కదా!

3. పనిలో చెయ్యి పెట్టనివ్వండి. చిక్కడపల్లి మార్కెట్‌కి తీసుకెళ్లి ఆకుకూర వాళ్లనే ఎంచుకోమనండి. మా పాప చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంది. తను తీసిన కూరని రుచి చూడకుండా వదలదు.

4. రాత్రి అందరం కింద కూర్చుని ఒకటే కూర తింటాం. ఫోన్లు వేరే గదిలో. నాకు కష్టమైంది ఇదే. కాకరకాయ నేనూ తినేవాణ్ని కాదు మరి!

పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తోంది. ఒక్కరోజులో అంత తినరు. చెంచాడుతో మొదలుపెట్టండి. మధ్యాహ్నం బడి నుంచి ఆకలితో రాగానే బిస్కెట్ బదులు రాగి జావ ఇవ్వండి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. బిడ్డ బరువు తగ్గుతున్నా, మింగడం కష్టమవుతున్నా మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించండి.

నాలుగు నెలలైంది. ఇప్పుడు బెండకాయ వేపుడు అడిగి మరీ పెట్టించుకుంటోంది. కాకరకాయ ఇంకా అంచునే ఉంది. ఉండనీ, తొందరేం లేదు.

వచ్చే ఆదివారం పిల్లల్ని వెంట తీసుకురండి. కూర వాళ్లే ఏరుకుంటారు.