కాంక్రీటు ఓర్పు

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలమున, సముద్రపుటొడ్డున, కొవ్వాడ యను మత్స్యకారుల పల్లె కలదు. అచ్చట ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల శక్తిగల ఆరు అణువిద్యుత్ రియాక్టర్లను నిర్మింపవలెనని ప్రతిపాదన. ఊరు విడిచిపోవలసిన వారికిని, చుట్టుప్రక్కల మిగులువారికిని కలుగు ప్రశ్న యొకటి యున్నది: రియాక్టరును కప్పు గోడ పెనుదెబ్బకు నిలుచునా?

సిమెంటు, ఇసుక, కంకర, నీరు కలిసి గట్టిపడిన కాంక్రీటు నొక్కుడుకు బాగుగా ఓర్చును. లాగుడుకు అందులో సుమారు పదియవ వంతు మాత్రమే ఓర్చును. పైనుండి మాత్రమే నొక్కిన దిమ్మె ప్రక్కలకు ఉబ్బి, నిలువుగా బీటలు వారును. ప్రక్కలను కూడ నొక్కి పట్టినచో? పొడి ఇసుకను నేలపై పోసి కాలు మోపుడు, జారిపోవును. దానినే గోనెసంచిలో బిగించి కుట్టినచో వరదకు అడ్డుకట్ట యగును. నాగావళి, వంశధార ఒడ్డుల వారికిది చెప్పనక్కరలేదు. 1928లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున రిచర్టు మొదలగువారు కాంక్రీటు దిమ్మెల చుట్టును ద్రవముతో ఒత్తిడి కలిగించి చూచిరి. ప్రక్క ఒత్తిడి ఒక పాలు పెరుగగా, దిమ్మె ఓర్వగల నిలువు ఒత్తిడి సుమారు నాలుగు పాళ్లు పెరిగెను. ఒత్తిడి మరింత హెచ్చినప్పుడు లోపలి సూక్ష్మరంధ్రములు నలిగి మూసికొనును. పిదప కాంక్రీటు మరల బిగిసి, నొక్కుటకు కష్టతరమగును.

ఇక వేగము మాట. బరువు మెల్లగా పెరిగినప్పుడు పగులు తేలికదారి వెదకుకొనుచు కంకరరాళ్లను చుట్టిపోవును. సెకనులో వేయవ వంతున దెబ్బ పడినచో ఆ వ్యవధి లేదు. రాళ్లను చీల్చుకొనియే పోవలెను. కావున త్వరితమైన దెబ్బకు కాంక్రీటు ఎక్కువ బలము చూపును. అయితే ఇందొక మోసము కలదు. దెబ్బ తరంగమై గోడ వెనుక ముఖమును తాకి, లాగుడుగా మారి మరలును. అందుచే ముందు గుంట చిన్నదైనను, వెనుక పెచ్చులు ఎగిరిపడవచ్చును.

ఒత్తిడిని, వేగమును, నలుగుటను ఒకే గణితమున కూర్చినవారిలో హోమ్‌క్విస్టు, జాన్సన్, కుక్ ముఖ్యులు (1993). ఆ పద్ధతిలో కంప్యూటరు గోడను చిన్న తునకలుగా భావించి, క్షణక్షణమునకు ప్రతి తునక ఎంత నలిగెనో లెక్కించును.

లెక్కకు పరీక్ష తోడు కావలెను. 1988లో అమెరికాలోని సాండియా ప్రయోగశాలవారు ఫాంటమ్ యుద్ధవిమానమును గంటకు సుమారు 770 కిలోమీటర్ల వేగముతో, మూడున్నర మీటర్లకు మించిన మందముగల కాంక్రీటు దిమ్మెకు ఢీకొట్టించిరి. విమానము తునాతునకలయ్యెను, దిమ్మెకు పడిన గుంటలు కొలది సెంటిమీటర్ల లోతువే. గోడ గెలిచినదని కొందరందురు. అది తొందరపాటు, విమానము కొట్టు బలమును కొలుచుటకే ఆ పరీక్ష జరిగెను. దిమ్మెను నేలకు బిగింపనేలేదు.

కొవ్వాడకు తలపెట్టిన ఏపీ1000 నమూనాలో వెలుపలి గోడను రెండు ఉక్కు పలకల నడుమ కాంక్రీటు పోసి కట్టుదురు. పలకలు కాంక్రీటును ఇరువైపుల అదిమి పట్టును. లోపలి పలక పెచ్చులను రియాక్టరు వైపు ఎగిరిపడనీయదు.