ఎరువుల లెక్కకు కృత్రిమ మేధ టూల్ సర్వర్: కంప్యూటర్‌ను సిద్ధపరచే విధానం

ఎరువుల మోతాదు అడిగితే కృత్రిమ మేధ సహాయకులు వెంటనే ఒక సంఖ్య చెబుతాయి. అయితే అది లెక్కించి చెప్పినదేనన్న భరోసా లేదు. హెక్టారు మోతాదును ఎకరానికి చెబితే, రైతు దాదాపు రెండున్నర రెట్లు ఎరువు వేయవలసి వస్తుంది. కనుక లెక్కను ముందే పరీక్షించిన ప్రోగ్రామ్‌కు అప్పగించి, దాని ఫలితాన్ని సహాయకం వాడుకొనేటట్లు చేయాలి. అటువంటి ప్రోగ్రామ్‌లను అందించేదే టూల్ సర్వర్. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఎంసీపీ) ఇందుకు ఉపకరించే బహిరంగ ప్రమాణం.

కావలసినవి

పైథాన్ 3.10 లేదా ఆపై వెర్షన్, ప్యాకేజీలను నిర్వహించే యూవీ, ఎంసీపీ పైథాన్ ప్యాకేజీ, ఒక కోడ్ ఎడిటర్ అవసరం. ప్రతి ప్రాజెక్టుకు ప్రత్యేక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఏర్పరచాలి. ప్రయోగ క్షేత్రంలో ఒక మడి నీరు పక్క మడిలోకి పారకుండా గట్లు వేయడం వంటిదే ఇది. ప్యాకేజీల వెర్షన్లను యూవీ లాక్ ఫైలులో నమోదు చేస్తుంది. ఆ ఫైలు ఉంటే మరో పరిశోధన స్థానంలోనూ అవే వెర్షన్లతో పని సాగించవచ్చు.

మొదటి టూల్

హెక్టారుకు 120 కిలోల నత్రజని, 60 కిలోల భాస్వరం ఇవ్వాలనుకుందాం. డీఏపీలో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం ఉంటాయి. భాస్వరం కోసం సుమారు 130 కిలోల డీఏపీ అవసరం. దానితో 23 కిలోలకు పైగా నత్రజని కూడా లభిస్తుంది. మిగిలిన నత్రజనికి 46 శాతం యూరియా సుమారు 210 కిలోలు సరిపోతుంది. ఎకరానికైతే ఇవి సుమారు 53, 85 కిలోలు. విస్తీర్ణం ఎకరాలలోనా, హెక్టార్లలోనా అన్నది తెలుపనిదే టూల్ జవాబు ఇవ్వకుండా రాయాలి.

పరీక్ష

ఒకే కంప్యూటర్‌లో నడిచే సర్వర్, సహాయకం సాధారణంగా స్టాండర్డ్ ఇన్‌పుట్, స్టాండర్డ్ అవుట్‌పుట్ ద్వారా సందేశాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. పరిశీలన కోసం రాసిన ప్రింట్ వాక్యం వాటిలో కలిస్తే సంభాషణ చెడుతుంది. కాబట్టి అటువంటి సమాచారాన్ని స్టాండర్డ్ ఎర్రర్‌కు పంపాలి. సహాయకానికి అనుసంధానించే ముందు ఎంసీపీ ఇన్‌స్పెక్టర్‌లో టూల్‌ను నడిపి, చేతి లెక్కతో సరిపోల్చాలి. ఇన్‌స్పెక్టర్‌కు నోడ్ జేఎస్ అవసరం.

టూల్ సర్వర్ కూడికలో తప్పును నివారించగలదు. సిఫారసులో తప్పును నివారించలేదు. ఇచ్చిన మోతాదు ఆ నేలకు తగినదో కాదో భూసార పరీక్ష, శాస్త్రవేత్త పరిశీలన మాత్రమే నిర్ణయించాలి.