గోధుమ సీమలో పద్నాలుగు వందల కిలోమీటర్లు

నిఘంటువు తెరిస్తే ‘ప్రెయిరీ’ అన్న మాటకు ‘పచ్చిక బయలు’ అన్న అర్థం కనిపిస్తుంది. మా అనువాదకులందరమూ తరచుగా వాడే మాట అదే. పుట్టుకను బట్టి చూస్తే అది సరైనదే కూడా. అయితే కెనడాలో విన్నిపెగ్ నుండి రెజైనా, సస్కటూన్‌ల మీదుగా కాల్గరీ వరకు కారులో ప్రయాణించేవారికి ఆ పచ్చిక దాదాపు కనిపించదు. జులై మాసంలో మేము వెళ్ళినప్పుడు కనిపించినవి గోధుమ చేలు, పసుపు పరచినట్లున్న కనోలా పూలు, పప్పుధాన్యాల మళ్ళు. ప్రకృతి తీర్చిందని మనం భ్రమించే ఆ మహా సమతలం గత నూట యాభై ఏళ్ళలో మనుషులు కొలిచి, గళ్ళు గీసి, దున్ని తయారు చేసుకున్నది. ఆ తయారీలో భారతదేశానికి కూడా ఒక పాలు ఉన్నది.

విన్నిపెగ్ రెండు నదుల సంగమం మీద వెలసిన నగరం. ఒకటి రెడ్ నది, మరొకటి అసినిబోయిన్. నేల ఎంత చదునుగా ఉంటుందంటే, నది పొంగితే నీటికి పోవడానికి దారి దొరకదు. 1950 వరదలలో సుమారు లక్షమంది ఇళ్ళు వదలవలసి వచ్చింది. అప్పుడు డఫ్ రాబ్లిన్ అనే నాయకుడు నగరం చుట్టూ 47 కిలోమీటర్ల కాలువ తవ్వించాలని పట్టుబట్టాడు. ‘డఫ్ గారి గుంట’ అని జనం హేళన చేశారు. 1968లో పూర్తయిన ఆ గుంటే 1997 మహా వరదలో నగరాన్ని కాపాడింది.

నగరం దాటిన తరువాత రహదారి పడమటికి తాడు లాగినట్లు సాగిపోతుంది. ఇరుపక్కలా పొలాలన్నీ చతురస్రాలే. 1872 నాటి భూ చట్టం ప్రకారం, నివాసం ఏర్పరచుకొని సాగు చేస్తామన్నవారికి పది డాలర్ల రుసుముతో 160 ఎకరాలు ఇచ్చారు. భూమి ఉన్నది, గోధుమ పండడమే కష్టం. అక్కడ మంచు పడని రోజులు బహు తక్కువ. అప్పటి ప్రసిద్ధ వంగడం ‘రెడ్ ఫైఫ్’ కోతకు వచ్చేసరికి తరచుగా మంచు కాటు తగిలేది.

రెజైనా ఇంకా గంట ప్రయాణం ఉందనగా ‘ఇండియన్ హెడ్’ అనే చిన్న ఊరు తగులుతుంది. ఈ ఇండియన్లు మనం కాము. అయినా ఇక్కడి కథలో మనమూ ఉన్నాము. 1892లో రెడ్ ఫైఫ్‌ను మన దేశం నుండి వెళ్ళిన ‘హార్డ్ రెడ్ కలకత్తా’ అనే గోధుమతో సంకరం చేశారు. చార్ల్స్ సాండర్స్ అనే శాస్త్రజ్ఞుడు ఆ సంతతి నుండి మేలైన కంకులను ఎంపిక చేశాడు. పిండి జిగురు తెలుసుకోవడానికి గింజలను నోట వేసుకొని నమిలేవాడట! అలా తేలినదే ‘మార్క్విస్’ గోధుమ. 1907లో ఇండియన్ హెడ్ ప్రయోగ క్షేత్రంలో దానిని పరీక్షించారు. రెడ్ ఫైఫ్ కంటే వారం రోజుల ముందే పండేది. ఆ వారం రోజుల మీదనే ఒక దేశపు ధాన్యాగారం నిలబడిందంటే అతిశయోక్తి కాదు.

ఈ సంపదకు ముందు జరిగినది రెజైనాలో తెలుస్తుంది. 1882లో విక్టోరియా రాణి పేరిట రెజైనా అయిన ఆ చోటుకు పాత పేరు ‘ఎముకల కుప్ప’. అక్కడ క్రీ జాతివారు వేటాడిన బైసన్ దున్నల ఎముకలను గుట్టలుగా పేర్చేవారు. 1880 నాటికి ఆ మందలు దాదాపు అంతరించాయి. మందలతోపాటు వారి తిండీ పోయింది. 1874లో ఒడంబడిక చేసుకున్న ప్రభుత్వమే ఆ తరువాతి కరవులో వారిని రిజర్వు భూములకు తరలించడానికి తిండిగింజలు బిగపట్టింది. పది డాలర్ల భూమికి అసలు వెల ఇదీ.

రెజైనా నుండి సస్కటూన్ 260 కిలోమీటర్లు. ఒకప్పుడు ఈ దారిలో గుర్రపు బండి మీద రైతు ఒక్కరోజులో వెళ్ళి రాగల దూరానికొక ధాన్యపు ఎలివేటర్ ఉండేది. ఎలివేటర్ అంటే రైలు పట్టాల పక్కన నిలువుగా కట్టిన కొయ్య గాదె. 1930లలో ప్రెయిరీలలో ఇవి 5,700కు పైగా ఉండేవి. ఈనాడు మిగిలినవి కొన్ని వందలు. లారీలు వచ్చాయి, శాఖా రైలు మార్గాలు మూతపడ్డాయి, 1897 నుండి ధాన్యానికి ఉన్న చౌక రైలు ఛార్జీల ఏర్పాటు 1995లో రద్దయింది. ఎలివేటర్ పోయిన ఊళ్ళో ముందు దుకాణం, ఆపైన బడి మూతపడుతూ వచ్చాయి.

సస్కటూన్ విశ్వవిద్యాలయం గురించి తెలుగు పాఠకులు తెలుసుకోవలసినది ఒకటుంది. వెనుకటి రైతులు తేమ నిలుపుకోవడానికి పొలాన్ని ఏడాది విడిచి ఏడాది దున్ని, విత్తకుండా వదిలేవారు. 1930లలో కరవు వచ్చినప్పుడు ఆ ఖాళీ మట్టే గాలికి లేచి ఆకాశాన్ని కప్పేసింది. 1972లో ఇక్కడికి వచ్చిన ఆల్ స్లింకార్డ్ అనే శాస్త్రజ్ఞుడు మసూర్ వంగడాలను వృద్ధి చేశాడు. 1978లో ‘లెయర్డ్’ వచ్చింది. ఖాళీగా ఉండే పొలంలో పంట పెరిగింది, నేలకు నత్రజనీ అందింది. మసూర్ అంటే మనం ‘మైసూరు పప్పు’ అని పిలుచుకునేదే. మైసూరుతో దానికి ఏ సంబంధమూ లేదు. కలకత్తా గోధుమ వెళ్ళిన దారిన ఈ పప్పు మన వంటింటికి వస్తున్నది.

సస్కటూన్ దాటి కాల్గరీ వైపు సాగుతూ ఒక పెట్రోలు బంకు పక్కన కాఫీకి ఆగాము. మేము ఏ దేశం వారమో తెలియగానే పక్క బల్ల మీది పెద్దమనిషి అడిగిన మొదటి ప్రశ్న, “ఈ ఏడు మీ వైపు వానలెలా ఉన్నాయి?” అని. మర్యాదకు అడిగినది కాదు. మనకు వానలు బాగా కురిస్తే ఆయన పప్పుకు ధర ఉండదు. 2017 చివరలో ఢిల్లీ బటానీలపై 50 శాతం, మసూర్‌పై 30 శాతం దిగుమతి సుంకం వేసింది. ఆ తరువాత పలుమార్లు సడలించింది, మళ్ళీ బిగించింది. మన రైతుకు గిట్టుబాటు ధర కావాలంటే సుంకం న్యాయమే అనిపిస్తుంది నాకు; అయితే ఆ మాట అక్కడ ఎదురుగా కూర్చుని అనడం తేలిక కాదు.

మరికొన్ని గంటల పొలాల తరువాత, డ్రమ్‌హెల్లర్ దగ్గర నేల ఒక్కసారిగా విచ్చుకొని చారల చారల లోయలోకి దిగిపోతుంది. మళ్ళీ పైకెక్కి కొంత దూరం పోయాక పడమటి అంచున ఒక నీలి గీత కనిపించింది. మేఘమనుకున్నాము. అది రాకీ పర్వతాల శ్రేణి. దాని ముందు కాల్గరీ భవనాలు ఒక్కొక్కటిగా లేచాయి.