సెకండ్ హ్యాండ్ అయిదో చక్రం

రెండు చక్రాల ఎడ్లబండికి మలుపు ఒక సమస్యే కాదు. ఎడ్లు ఎటు తిరిగితే నొగ అటు తిరుగుతుంది, వెనకే బండీ తిరుగుతుంది. నాలుగు చక్రాలు పెట్టగానే చిక్కు మొదలవుతుంది. రెండు ఇరుసులూ చట్రానికి బిగించేస్తే బండి ముక్కుసూటిగా పోవడం తప్ప ఇంకేం చెయ్యలేదు. మన గుళ్ల రథాలు అలాంటివే. మాడవీధి మూల రాగానే చక్రాల కింద కొయ్య దిమ్మెలు తోసి, ఒరిపించి, కేకలు పెట్టి తిప్పుతారు.

యూరప్‌లో నాలుగు చక్రాల గుర్రబ్బండ్లు కట్టినవాళ్లు ముందు ఇరుసు మొత్తాన్నీ తిరగనిచ్చారు. ఇరుసుకీ బండికీ మధ్య ఒక ఇనుప వలయాన్ని అడ్డంగా పడుకోబెట్టి, నడుమ ఒక మేకు దించారు. బరువంతా వలయం మీద ఆనుతుంది, ఇరుసు దాని కింద జారుతూ తిరుగుతుంది. నేలను తాకని ఈ వలయానికి అయిదో చక్రమని పేరు పడింది. దీనికో లోపం ఉంది. ఇరుసు బాగా తిరిగినప్పుడు ముందు చక్రాలు బండి కిందికి పోతాయి, ఆనిక తగ్గి బండి పక్కకి ఒరుగుతుంది. 1817లో మ్యూనిక్‌కి చెందిన లాంకెన్‌స్పెర్గర్ ఇరుసుని కదల్చకుండా ముందు చక్రాలు రెండూ వేటికవి తిరిగే ఏర్పాటు కనిపెట్టాడు. మరుసటి ఏడు లండన్‌లో దానికి పేటెంటు తీసుకున్నది అతని ప్రతినిధి అకర్‌మాన్. పేరూ అకర్‌మాన్‌కే దక్కింది, లోకరీతి! మోటారు కార్లు వచ్చాక అన్నీ ఆ దారే పట్టాయి. గుర్రబ్బండితో పాటు అయిదో చక్రం కూడా మూలన పడాల్సిందే.

పడలేదు. ఎందుకంటే గుర్రాలు పోయినా బండ్లు మిగిలాయి. అమెరికాలో అగ్నిమాపక దళాల దగ్గర గుర్రాలు లాగే ఆవిరి పంపులు ఉండేవి. ఖరీదైనవి, పారేయలేరు. నాక్స్ కంపెనీలో పనిచేసిన చార్లెస్ మార్టిన్ మూడు చక్రాల మోటారు ట్రాక్టరు ఒకటి రూపొందించాడు. గుర్రాలని విప్పేసి ఆ చోట ట్రాక్టరు తగిలిస్తే పాత పంపు మోటారు బండి అయిపోతుంది. తర్వాత, 1915 ప్రాంతంలో, ముందుకీ వెనక్కీ ఊగే పళ్లెం ఉన్న అయిదో చక్రాన్ని మార్టిన్ తయారుచేశాడు. ట్రక్కు ఎత్తు ఎక్కుతుంటే ట్రైలర్ ఇంకా పల్లంలో ఉంటుంది. పళ్లెం ఊగకపోతే వాటి మధ్య ఏదో ఒకటి విరగాలి. ఆ ఊపే అసలు కిటుకు.

డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి ఉండేవాడు. ఫ్రెడరిక్ సిబ్లీ అనే కలప వ్యాపారి 1914లో తన పడవని ఫోర్డ్ కారు వెనక కట్టి తీసుకెళ్లే బండి కావాలన్నాడు. ఫ్రూహాఫ్ చేసిన బండికి వెనక మాత్రమే చక్రాలున్నాయి, ముందు భాగం కారు మీద ఆనింది. పడవకి పనికొచ్చినది కలపకీ పనికొస్తుందని సిబ్లీకి అర్థమైంది. 1918 నాటికి ఫ్రూహాఫ్ ట్రైలర్ కంపెనీ ఏర్పడింది. విశాఖ రేవులో కంటైనర్లు మోసే ట్రైలర్ లారీలన్నీ ఆ వంశంలోవే. ఇక ఇల్లులాంటి ట్రైలర్‌కి అయిదో చక్రం కొక్కెం పెట్టినవారిలో విమానాల మార్గదర్శి గ్లెన్ కర్టిస్ ముందువరసలో ఉంటాడు. 1920ల చివర్లో వచ్చిన అతని ఏరోకార్‌లో, కారు వెనక భాగంలో విమానం టైరునొకదాన్ని అడ్డంగా పడుకోబెట్టి దాని నడుమ ట్రైలర్ పిన్ను దించారు. కుదుపుల్ని టైరు మింగేది.

ఇవాళ అమెరికాలో పికప్ ట్రక్కు తొట్టిలో బిగించే హిచ్, అంటే తగిలించే కొక్కెం, అయిదో చక్రానికి చిన్న రూపం. ట్రైలర్ ముక్కు కింద వేలాడే ఉక్కు ముక్క కింగ్‌పిన్. దాని సన్నటి నడుము 2 అంగుళాలు. హిచ్ పళ్లెం మధ్యలో ఉన్న దవడ ఆ నడుముని పట్టుకుంటుంది. బరువు మోసేది పళ్లెం, లాగేది దవడ. బంపరు వెనక బంతికి తగిలించే ట్రైలర్ ట్రక్కు వెనక ఇరుసుకి అవతల వేలాడుతుంది కాబట్టి ట్రక్కు ముందు చక్రాల్ని తేల్చాలని చూస్తుంది. గాలి తోస్తే ట్రక్కు తోకని పట్టి ఊపుతుంది. అయిదో చక్రంలో బరువు వెనక ఇరుసు మీదో, దానికి కాస్త ముందో పడుతుంది. పక్కకి తోసే బలానికి మీట దొరకదు. అందుకే పెద్ద ట్రైలర్లు చాలావరకు దీనికే మొగ్గుతాయి.

దానికి మూల్యం ఉంది. ట్రైలర్ బరువులో 15 నుంచి 25 శాతం నేరుగా ట్రక్కు తొట్టి మీద పడుతుంది. 12,000 పౌండ్ల ట్రైలర్‌లో అయిదో వంతంటే 2,400 పౌండ్లు, దాదాపు 1,090 కిలోలు. పైన హిచ్ బరువు, మనుషులు, సామాన్లు. హిచ్ మీద 16,000 పౌండ్లని రాసి ఉందని మురిసిపోయేవాళ్లు డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీలో ట్రక్కు ఎంత మోయగలదో చదవరు.

ఇంత చెప్పింది ఎందుకంటే, వాడిన హిచ్‌లు సగం ధరకే, కొన్నిసార్లు అంతకన్నా తక్కువకే దొరుకుతాయి. వయసు మళ్లి ట్రైలర్ అమ్మేసినవాళ్లు, తొట్టిలో హిచ్ బిగించే తీరు వేరేగా ఉన్న కొత్త ట్రక్కు కొన్నవాళ్లు, వీటిని వదిలించుకోవాలని చూస్తారు. కొనదగ్గ వస్తువే. ఉక్కు పళ్లానికి వయసు రాదు. అరుగుదలంతా నాలుగైదు చోట్లే ఉంటుంది, ఆ నాలుగైదూ కంటికి కనిపిస్తాయి. షరతల్లా ఒక్కటే: గ్రీజు తుడిచి చూడనివ్వాలి. చూడనివ్వని అమ్మకందారు దగ్గర నుంచి లేచి వచ్చేయండి. నిన్ననే నల్లరంగు కొట్టినట్టు మెరుస్తుంటే ఇంకా తొందరగా లేవండి.

గ్రీజు కింద ఏముందో చూద్దాం. పాత గ్రీజులో రోడ్డు ఇసుక కలిసి సాన పట్టే ముద్దగా మారి ఉంటుంది. కిరోసిన్‌తోనో డీగ్రీజర్‌తోనో కడిగాక దవడ లోపలి వంపుని వేలితో తడమాలి. నునుపుగా ఉంటే మంచిదే. మెట్టులాగా గాడి తగిలితే అరిగిందని అర్థం. ట్రక్కు మెకానిక్కుల దగ్గర కింగ్‌పిన్ ఆకారంలోనే ఉక్కు కొలత పరికరం ఉంటుంది. దాన్ని దవడలో బిగించి ఆడిస్తే ఎంత వదులో తెలిసిపోతుంది. కొన్ని మోడళ్లకి దవడ విడిగా దొరుకుతుంది, మార్చుకోవచ్చు. వెల్డింగ్‌తో పూడ్చడం మాత్రం తప్పు. దవడ ఉక్కుని వేడిచేసి, చల్లార్చి గట్టిపరుస్తారు. వెల్డింగ్ వేడికి ఆ గట్టితనం ఆ చోట పోతుంది.

ఇంతకన్నా ముఖ్యం వెల్డింగ్ అతుకులు. బ్రేకు వేసిన ప్రతిసారీ ట్రైలర్ ముందుకి తోస్తుంది, కదిలిన ప్రతిసారీ వెనక్కి లాగుతుంది. ఒక్కో తోపు ఉక్కు బలం ముందు లెక్కలోది కాదు, కానీ లక్షలసార్లు పడితే అతుకు అంచున వెంట్రుకంత బీట పుడుతుంది. దాని వెంబడి రంగు పగిలి, సన్నటి తుప్పు గీత కారుతుంది. అనుమానం తీరాలంటే ఎర్ర రంగు పరీక్ష ఉంది. శుభ్రం చేసిన చోట ఎర్ర ద్రవం చల్లి, కాసేపు ఉంచి తుడిచేస్తే బీటలోకి దిగినది మాత్రం అక్కడే ఉండిపోతుంది. మీద తెల్లటి పొడి చల్లితే పొడి దాన్ని పైకి పీలుస్తుంది, తెలుపు మీద ఎర్ర గీత దానంతటదే తేలుతుంది. చూడ్డానికి భలే ఉంటుంది, హిచ్ మనది కాకపోతే!

బీట లేకపోతే మిగతాది సరదా పనే. తుప్పుని వైర్ బ్రష్‌తో గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మందు పూస్తే ఎర్ర తుప్పు నల్లటి ఐరన్ ఫాస్ఫేట్ పొరగా మారుతుంది. దానిమీద ప్రైమర్, రంగు. దవడకీ పళ్లెం పైతలానికీ రంగు వద్దు, మోడల్ నంబరు చీటీ మీద అసలే వద్దు. ఆ నంబరు ఉంటేనే మాన్యువలూ విడిభాగాలూ దొరుకుతాయి. రబ్బరు బుష్‌లు, స్ప్రింగులు, క్లిప్పులు ఎలా ఉన్నా మార్చేయండి, చవకే. పాత బోల్టులు తిరిగి వాడొద్దు. గ్రేడ్ 8 బోల్టు తల మీద ఆరు గీతలుంటాయి, గ్రేడ్ 5కి మూడు. తయారీదారు ఏది చెబితే అదే. పళ్లెం మీద గ్రీజుకి బదులు ప్లాస్టిక్ బిళ్ల వేసే అలవాటుంది. బిళ్ల మందం వల్ల కొన్ని దవడలు సరిగ్గా పడవు, మాన్యువల్ ఒప్పుకుంటేనే వేయాలి.

తొట్టి పొట్టిగా ఉన్న ట్రక్కుకి జారే రకం హిచ్ కావాలి. లేకపోతే ఇరుకు మలుపులో ట్రైలర్ మూల వచ్చి ట్రక్కు వెనక అద్దాన్ని పగలగొడుతుంది. అలాగే తగిలించేటప్పుడు ట్రైలర్ ముక్కు పళ్లెం కన్నా కాస్త కిందికే ఉండాలి. ఎత్తుగా ఉంటే దవడ నడుముని వదిలేసి పిన్ను కింది అంచు దగ్గర మూసుకుంటుంది. దవడని మూసే పిడి మాత్రం పడినట్టే కనిపిస్తుంది. రోడ్డెక్కాక పిన్ను ఊడి, ట్రైలర్ ట్రక్కు తొట్టి గోడల మీద కూలుతుంది. టార్చిలైటు వేసి దవడని కళ్లతో చూడాలి. తర్వాత ట్రైలర్ కాళ్లు నేలకి దగ్గరగానే ఉంచి, ట్రైలర్ బ్రేకులు పట్టి, ట్రక్కుని ముందుకి మెల్లగా లాగి చూడాలి. ఈ పరీక్షకి నిమిషం చాలు.

అమెరికాలో ఉంటూ ట్రైలర్ సరదా పడ్డ తెలుగువాళ్లకి చివరిగా ఒక మాట. కొన్నాక ఎర్ర గీత బయటపడితే డబ్బు పోయిందని రంగేసి ఇంకొకరికి అంటగట్టకండి. గ్యాస్ కట్టర్‌తో రెండు ముక్కలు చేయించి పాత ఇనుము కొట్టుకి వేసేయండి.